ముందు వరస కొక్కెం

హైదరాబాదు అబిడ్స్‌లో ఫోన్ల కొట్లుండే జగదీశ్ మార్కెట్‌లోకి చాలా ఏళ్ళ తర్వాత అడుగు పెడితే ముందుగా పలకరించేది వాసన. థిన్నర్, టంకం కింద కాలుతున్న ఫ్లక్స్ పొగ, అట్టపెట్టెల్లోంచి అప్పుడే తీసిన, ఫోన్‌కి తొడిగే సిలికాన్ పౌచ్‌ల రబ్బరు కంపు. బోర్డుల మీద పేర్లు ఎన్నిసార్లు మారాయో లెక్క లేదు. ఆ మూడూ కలిసిన వాసన మాత్రం నోకియా రోజుల్లో ఎలా ఉండేదో అలాగే ఉంది. ముక్కుకు తగిలితే చాలు, ఒక్కో మోడల్ పేరూ పైకి తేలుతుంది.

ఫోన్ల కొట్టులో షోకేసు చూసి ఏ బ్రాండు నడుస్తోందో చెప్పలేం. అందులో ఏది ముందుండాలో కంపెనీ స్కీము నిర్ణయిస్తుంది. కుర్రాళ్ళ మనసు తెలియాలంటే పౌచ్‌ల గోడ చూడాలి. ఒక్కో కొక్కేనికి ఒక్కో మోడల్. ఒకదాని పౌచ్ ఇంకోదానికి ఎక్కదు. కెమెరా కన్నం రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగినా అది చెత్త కిందే లెక్క. అందుకే కొట్టువాళ్ళు తరచూ కొక్కేలు సర్దుతారు. కంటికి ఎదురుగా ఉండేది జోరుగా పోయే మోడల్. నెమ్మదిస్తే స్టూలు ఎక్కి తీయాల్సిన పై వరసకి పోతుంది. అక్కడా కదలకపోతే బల్ల కింద గోనెసంచిలోకి, ఆ తర్వాత గంపగుత్తగా ఎవరికో. ఫలానా బ్రాండు అమ్మకాలు తగ్గాయని పేపర్లో చదివేసరికి దాని పౌచ్‌లు ఎప్పుడో గోనెసంచి చేరిపోయి ఉండేవి.

రెండో గుర్తు మాటల్లో దొరికేది. "ఇది నాన్నకిచ్చేస్తా అన్నా, నాకు వేరేది చూపించు." ఈ మాట ఒక బ్రాండు గురించి తరచుగా వినబడుతోందంటే ఆ సరుకు కొత్తగా తెప్పించడం ఆపేయాలి. ఫోన్ పాడైందని కాదు. నాన్న చేతిలో ఉన్న ఫోన్, కొడుకు కాలేజీ క్యాంటీన్ బల్ల మీద పెట్టుకునే ఫోన్ ఒకటే కాకూడదు, అంతే.

ప్యానెళ్ళు

నోకియా 3310, 1100 రోజుల్లో పౌచ్ అంటే బెల్టుకి తగిలించుకునే తోలు సంచీ. అది పెద్దవాళ్ళ సరుకు. కుర్రాళ్ళది ప్యానెల్. ముందు డొక్క, వెనక డొక్క, కీప్యాడ్ రబ్బరు కలిపి ఒక సెట్టు. లోపలి బోర్డు కనబడే గాజు రంగువి, జెండా బొమ్మవి, రాత్రిపూట పచ్చగా మెరిసేవి. ఫోన్ మార్చే స్తోమత లేనివాడు ప్యానెల్ మార్చి కొత్త ఫోన్ కొన్నంత సంబరపడేవాడు. బ్రాండు మీద మోజు తగ్గకుండా ఆ కంపెనీని కాపాడినవాటిలో ఇదొకటని నా నమ్మకం. పాత ఫోన్‌తోనే కొత్తదనం దొరికేది.

ప్యానెల్ మార్చడం పది నిమిషాల పని. డొక్కలు చేత్తోనే ఊడొచ్చేవి, లోపలి బోర్డు తీయడానికి మాత్రం నక్షత్రం ఆకారం మూతి ఉన్న టీ6 స్క్రూడ్రైవర్ కావాలి. ఆ పనిలో పనిగా కీప్యాడ్ కూడా తోమించుకునేవారు. బోర్డు బయటికి తీస్తే బటన్ల చోట బంగారు రంగు వలయాలు, వాటి మీద తెల్ల స్టిక్కరుకి అతికి ఉన్న చిన్న లోహపు బుడిపెలు కనబడతాయి. చెమట, దుమ్ము చేరి వలయాలు నల్లబడితే బటన్ పలకదు. టూత్‌బ్రష్ థిన్నర్‌లో ముంచి తోమాలి. మొండి మచ్చయితే పెన్సిల్ రబ్బరుతో రుద్దాలి. జోరుగా రుద్దారో, బంగారు పూత లేచిపోయి ఆ బటన్ ఇక జన్మలో ఒక్క నొక్కుకి పలకదు. డిస్‌ప్లే తీసి పక్కన పెట్టకుండా థిన్నర్ వాడితే అది అంచుల్లోంచి పాకి, అద్దం వెనక మంచు పట్టినట్టు మచ్చ మిగిలిపోయేది. నేర్చుకునే కుర్రాళ్ళందరూ ఈ రెండు తప్పులూ కనీసం ఒక్కోసారి చేసినవాళ్ళే.

2003లో వచ్చిన 1100కి దుమ్ము దూరకుండా బటన్ల మీద ఒకే రబ్బరు పొర, నెత్తిన టార్చి. కరెంటు పోయే ఊళ్ళలో అంతకుమించి ఎవరడిగారు? ప్రపంచం మొత్తమ్మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని కుర్రాళ్ళు స్టార్ 3370 హ్యాష్ కొట్టేవారు. లోపల దాచిన చార్జింగ్ బయటికొస్తుందని ఎవరు పుట్టించారోగానీ, ఆ కోడ్ పని అది కాదు. అవతలి గొంతు స్పష్టంగా వినబడటానికి పెట్టింది, దానివల్ల బ్యాటరీ ఇంకా ముందే దిగిపోయేది. చెప్పినా వినేవాడు లేడు.

2007 ఆగస్టు మాత్రం మరిచిపోలేం. బీఎల్-5సీ బ్యాటరీలు, 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు మధ్య మత్సుషితా తయారుచేసిన 4.6 కోట్లు, చార్జింగ్‌లో వేడెక్కవచ్చని నోకియాయే ప్రకటించింది. టీవీల్లో అదే వార్త. ఫోన్ పేలుతుందన్న పుకారుతో జనం బ్యాటరీ విప్పి జేబులో విడిగా పెట్టుకుని వరసల్లో నిలబడ్డారు. బ్యాటరీ వెనకున్న 26 అక్షరాల నంబరు చూసి కంపెనీ మార్చి ఇచ్చింది. ఇంత జరిగినా మోజు చెక్కుచెదరలేదు. అదే ఆశ్చర్యం. ప్రాణభయం పెట్టినా పోని బ్రాండు, తర్వాత ఒక బ్లూటూత్ లోటుతో పలచబడింది. ఆ సంగతికి వస్తాను.

పాటలెక్కించే బల్ల

నోకియా 6600 వచ్చాక కొట్టు ముందు కంప్యూటర్ బల్ల పడింది. కార్డు రీడర్, స్పీకర్ల జత, అట్ట మీద స్కెచ్ పెన్నుతో "పాటలు, వాల్‌పేపర్లు ఎక్కించబడును". మెమరీ కార్డుల గోల వేరే. 6600కి పెద్ద ఎంఎంసీ, ఎన్70కి సగం సైజు కార్డు, ఎన్73కి మినీ ఎస్‌డీ, ఎన్95కి మైక్రో ఎస్‌డీ. ఒకే కంపెనీ, నాలుగు ఫోన్లు, నాలుగు కార్డులు. చార్జరుకీ లావు పిన్ను, సన్న పిన్ను. రెంటినీ కలిపే చిన్న తోక వైరు ఒక్కటే రోజుకి డజన్లు పోయేది.

6600 జాయ్‌స్టిక్ కింద మురికి చేరి ఒక వైపు మాత్రం నడవడం మానేసేది. ఎడమకి తిరగని జాయ్‌స్టిక్‌తో నెలల తరబడి నెట్టుకొచ్చినవాళ్ళున్నారు. 2004లో పుట్టిన కాబిర్ వైరస్ బ్లూటూత్ మీద పాకేది. బస్సులో బ్లూటూత్ ఆన్ చేసి కూర్చుంటే తెలియని పేరుతో ఫైలొచ్చి తీసుకుంటావా అని అడిగేది. కాదంటే మళ్ళీ అడిగేది. విసుగెత్తి సరే అన్నవాడి ఫోన్ కూడా అడగడం మొదలుపెట్టేది, బ్యాటరీ మధ్యాహ్నానికే సున్నా.

సింబియన్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే తర్వాతి నోకియా ఫోన్లలో గేమ్ ఎక్కిస్తుంటే "సర్టిఫికెట్ గడువు ముగిసింది" అని ఆగేది. విరుగుడు తేలిక. ఫోన్‌లో తేదీ ఒకటి రెండేళ్ళు వెనక్కి తిప్పి, ఎక్కించి, మళ్ళీ ముందుకి తిప్పడమే. ఈ చిట్కా తెలిసిన కుర్రాడికి హాస్టల్లో ఉండే గౌరవం అంతా ఇంతా కాదు. ఆ రోజుల్లో ఫోన్ గొప్పతనం అందులో ఏముందో దాన్ని బట్టి కాదు, అందులో ఏం ఎక్కించగలరో దాన్ని బట్టి ఉండేది. పక్కవాడికి పాట పంపగలిగితేనే అది ఫోన్.

పైసా, రెండు సిమ్ములు

2009 జూన్‌లో టాటా డొకొమో సెకనుకి పైసా అంది. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ఒక సిమ్ములో మాటలు చవక, ఇంకోదాన్లో మెసేజీలు చవక. కుర్రాళ్ళ జేబులో రెండు సిమ్ములు, ఫోన్‌కి ఒకటే అర. బ్యాటరీ తీసి సిమ్ మార్చి మళ్ళీ వేయడం, వెనక మూత గొళ్ళేలు విరగడం. నోకియా మొదటి రెండు సిమ్ముల ఫోన్ వచ్చింది 2010లో. అంతవరకూ ఆ ఖాళీలో చైనా సెట్లు ఊరేగాయి. రెండు సిమ్ములు, వీధి చివరికి వినబడే స్పీకరు, టీవీ చూడటానికి లాగే ఏంటెనా, పెట్టెలో రెండో బ్యాటరీ. వాటిలో చాలావాటికి ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండాల్సిన గుర్తింపు నంబరే లేదు. 2009 డిసెంబరు నుంచి నంబరు లేని ఫోన్లకు కాల్స్ ఆపేస్తారనగానే, దాదాపు 200 రూపాయలకి అసలు నంబరు ఎక్కించే కేంద్రాలు వెలిశాయి. జనం కట్టారు. ఆ ఫోన్‌ని వదులుకోలేక కట్టారు.

మైక్రోమ్యాక్స్ ఆ దారిలోనే నడిచొచ్చింది. 2008లో ఎక్స్1ఐ, నెలరోజులు నిలిచే బ్యాటరీ అన్నారు. మన దగ్గర హైదరాబాదు కంపెనీ సెల్‌కాన్ మండల కేంద్రాల కొట్లలో నోకియా పక్కన చోటు సంపాదించింది. ఇవి మోజుతో కొన్న ఫోన్లు కావు, అవసరానికి కొన్నవి. అవసరానికి కొన్న బ్రాండు మీద బెంగ ఉండదు. ఇంకొకడు అదే తక్కువకి ఇస్తే అటు వెళతారు.

పిన్ ఇస్తావా

బ్లాక్‌బెర్రీ కథ పొట్టిది. మెడలో టై ఉన్నవాళ్ళ ఫోన్, 2009లో కర్వ్ 8520తో కాలేజీలోకి దిగింది. అంతకుముందు మోడళ్ళలో నడిమధ్య చిన్న ముత్యంలాంటి బంతి ఉండేది. వేలి మురికి దాని కింద చేరితే తిరగదు, చుట్టూ ఉన్న రింగు సూదితో లేపి బంతి అర మార్చాలి. 8520లో బంతి తీసేసి వేలు రాసే చిన్న అద్దం పెట్టారు. ఆ రిపేరు పోయింది, ఫోన్ కుర్రాళ్ళకి దగ్గరైంది. అసలు ఆకర్షణ బీబీఎం, బ్లాక్‌బెర్రీల మధ్య మాత్రమే నడిచే మెసేజీల ఆప్. అందులో ఫోన్ నంబరు బదులు పిన్. ఫోన్ నంబరు అడిగితే మొహం ముడుచుకునే అమ్మాయి కూడా ఎనిమిది అక్షరాల పిన్ ఇచ్చేది. పంపింది చేరితే డీ, చదివితే ఆర్. చదివి జవాబివ్వకపోతే వచ్చే అలకలు మనకి అప్పుడే పరిచయమయ్యాయి.

లోపం ఒకటే. నెలనెలా బ్లాక్‌బెర్రీ ప్యాక్ వేయించకపోతే బీబీఎం మూగ. సెకండ్స్‌లో కొన్నవాడు ఈ సంగతి ఇంటికెళ్ళాక తెలుసుకుని మర్నాడు కొట్టు ముందు ప్రత్యక్షం. 2011 అక్టోబరులో కొన్ని రోజులపాటు సర్వీసే ఆగిపోయింది. ఈలోగా వాట్సాప్ చవక నోకియాల్లోకీ వచ్చేసింది. ఎవరి ఫోన్ ఏదైనా పలకరించుకోవచ్చన్నాక, పిన్ ఉన్న నలుగురి గుంపులో ఉండి ఏం లాభం? బీబీఎంని మిగతా ఫోన్లకి ఇచ్చేసరికి 2013 అక్టోబరు. అప్పటికి 8520 పౌచ్‌లు సంచిలో ఉన్నాయి.

పంపలేని ఫోన్

2011లో నోకియా మైక్రోసాఫ్ట్‌తో చెయ్యి కలిపి లూమియా తెచ్చింది. చేతిలోకి తీసుకుంటే ఎంత నున్నగా, ఎంత గట్టిగా ఉండేదో! రంగులు చూసి అమ్మాయిలు ముచ్చటపడేవారు. రెండో రోజు తెచ్చి, "అన్నా, పాట పోవట్లేదు" అనేవారు. మొదటి లూమియాల్లో బ్లూటూత్‌లో ఫైలు పంపడం లేదు. మెమరీ కార్డు వేసే చోటు లేదు. పాట ఎక్కించాలంటే కంప్యూటర్లో జూన్ అనే సాఫ్ట్‌వేర్ ఉండాలి. మన బల్ల మీద కార్డు రీడరుతో బతికిన జనానికి అది ఫోన్ కాదు, తాళం వేసిన పెట్టె. తర్వాత 520 మోడల్లో కార్డు, బ్లూటూత్ రెండూ ఇచ్చారు, బాగానే పోయింది. కానీ ఎక్కువగా అమ్మానాన్నలకి కొనిచ్చారు.

అదే 2011లో శాంసంగ్ గెలాక్సీ వై. మూడంగుళాల తెర, ఆప్‌లకి లోపల దాదాపు 180 ఎంబీ చోటు. ఫేస్‌బుక్, వాట్సాప్ వేసేసరికి "చోటు చాలదు" అనేది. ఫోటోలన్నీ తుడిచినా అదే మాట, ఎందుకంటే ఫోటోలు ఉండేది కార్డులో, నిండింది లోపలి చోటు. ఇది జనానికి విడమరిచి చెప్పడంలోనే కౌంటర్ గొంతులు పోయాయి. అయినా అది అమ్ముడుపోయింది. ప్లేస్టోర్‌లో అన్నీ ఉన్నాయి, పాట పంపితే వెళుతుంది. చాలు.

కాన్వాస్ టచ్ నంబర్లు

2012 చివర మైక్రోమ్యాక్స్ కాన్వాస్ 2. అయిదంగుళాల తెర, రూ.9,999. పెద్ద తెరంటే అంతవరకూ శాంసంగ్ నోట్ ధరే గుర్తొచ్చేది. మరుసటి ఏడాది కాన్వాస్ హెచ్‌డీ. ముందు వరస కొక్కేలన్నీ కాన్వాస్‌వే, తెరిచి మూసే పుస్తకంలాంటి ఫ్లిప్ కవర్లు. ఆస్ట్రేలియా నటుడు హ్యూ జాక్‌మన్‌తో ప్రకటన చేయించిన స్థాయికి ఎదిగింది కంపెనీ.

రిపేరు బల్ల దగ్గర మాత్రం వేరే చిత్రం కనబడేది. కాన్వాస్‌లో పై టచ్, లోపలి డిస్‌ప్లే విడివిడిగా ఉండేవి. టచ్ పగిలితే టచ్ ఒక్కటే మార్చొచ్చు, ఖర్చు తక్కువ. అయితే ఒకే మోడల్లో రెండు మూడు రకాల టచ్‌లు వచ్చేవి. స్ట్రిప్ మీద సన్నగా అచ్చయిన నంబరు కలవాలి. కలవని టచ్ వేస్తే పైన నొక్కితే కింద పలికేది, లేదా అసలు పలికేది కాదు. మోడల్ పేరు రాసుకుని ఊరినుంచి స్పేరు కోసం వచ్చిన రిపేరు కుర్రాడు ఉత్తచేతులతో వెళ్ళేవాడు. పాత టచ్ వెంట తెచ్చినవాడికే పనయ్యేది.

సాఫ్ట్‌వేర్ పోతే ఇంకో చిక్కు. మీడియాటెక్ చిప్ ఫోన్లలో ఫ్లాష్ టూల్‌తో సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు కొత్తవాళ్ళు "ఫార్మాట్ ఆల్" నొక్కేసేవారు. ఫోన్ లేచేది కానీ ఐఎంఈఐ రెండూ తుడిచిపెట్టుకుపోయేవి, నెట్‌వర్క్ సున్నా. ఆ నంబర్లు ఉండే ఎన్వీరామ్ అనే భాగానికి ముందే బ్యాకప్ తీసి ఉంచుకున్నవాడు బతికిపోయేవాడు.

మరో సంగతి, కాన్వాస్ లాంటి ఫోన్లే వేరే పేర్లతో వేరే కంపెనీల పెట్టెల్లో వచ్చేవి. మూత విప్పితే దాదాపు అదే బోర్డు. ఈ రహస్యం కుర్రాళ్ళకి తెలియడానికి రెండేళ్ళు పట్టింది. తెలిశాక పేరుకి ఇచ్చే విలువ తగ్గింది. అసలు దెబ్బ 2016 సెప్టెంబరు 5న పడింది. జియో వచ్చింది, అంతా 4జీ, మాట కూడా 4జీ మీదే. కొట్లలో ఉన్న 3జీ సరుకు ఆ వారంలో ముసలిదైపోయింది. సిమ్ తీసుకోవడానికి కావలసిన జియో బార్‌కోడ్ రాని ఫోన్ ఎంత మంచిదైనా ఎవరికి కావాలి?

మంగళవారం రెండింటికి

ఆ సరికి కుర్రాళ్ళ సగం మనసు కొట్టు దాటి వెళ్ళిపోయింది. 2014 ఫిబ్రవరిలో మోటో జీ ఫ్లిప్‌కార్ట్‌లో మాత్రమే. జులైలో షావోమీ మీ 3 రూ.13,999, సెప్టెంబరులో రెడ్‌మీ 1ఎస్ రూ.5,999. ముందే పేరు నమోదు, చాలావరకు మంగళవారం మధ్యాహ్నం రెండింటికి అమ్మకం. 1:50కే లాగిన్ అయి, చిరునామా ముందే భద్రపరిచి, ఇద్దరు ముగ్గురు స్నేహితుల ఖాతాలతో ఇంటర్నెట్ సెంటర్లో కాపు కాసేవారు. క్షణాల్లో "స్టాకు లేదు". దొరకనివాడికే మోజు ఎక్కువ. దొరికినవాడు పెట్టె విప్పకుండా పైన వెయ్యి వేసుకుని అమ్మిన సందర్భాలూ ఉన్నాయి.

2015 ఆగస్టులో రెడ్‌మీ 2 ప్రైమ్‌ని విశాఖపట్నంలో విడుదల చేశారు. తయారీ మన శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ చేత. మరుసటి మార్చిలో రెడ్‌మీ నోట్ 3, 4,050 ఎంఏహెచ్ బ్యాటరీ, వేలిముద్ర, రూ.9,999 నుంచి. జియో వచ్చేనాటికి చేతిలో సిద్ధంగా ఉన్నది ఇదే. రెండేళ్ళపాటు పౌచ్‌ల గోడంతా నోట్ 3, నోట్ 4.

వీటికీ ‘నాన్నకిచ్చేస్తా’ అన్న మాట తప్పలేదు. కొట్లలో దొరకడం మొదలయ్యాక, నోట్ ఫోన్లు నాన్నల చేతుల్లోకి, అక్కడినుంచి తాతయ్యల చేతుల్లోకి వెళ్ళాయి. ఆరు నెలలకో నోట్, అందులో ప్రో, ప్రో మ్యాక్స్. ఏది ఏదో కౌంటర్లో వాళ్ళకే తికమక, పౌచ్ కెమెరా కన్నాలు చూసి పోల్చుకోవాల్సి వచ్చేది. ఇదే కాలంలో ఒప్పో, వివో వాళ్ళు కొట్టు బోర్డుల్నే ఆకుపచ్చ, నీలం చేసేశారు. లోపల టీషర్టు వేసుకున్న ప్రమోటర్ కుర్రాడు, సెల్ఫీ తీసి చూపించడమే అతని పని. అమ్మకాలు బాగానే ఉండేవి. "మోజు" అన్న మాట మాత్రం నేను వాడను.

మోజు వన్‌ప్లస్‌ది. 2014 చివర మన దేశంలోకి వచ్చినప్పుడు పిలుపు ఉన్నవాడికే ఫోన్. ఇంజనీరింగ్ కుర్రాళ్ళు ఆ పిలుపుల్ని పెళ్ళి శుభలేఖల్లా పంచుకునేవారు. పక్కన రింగు ఆపే గరుకు స్లైడరు, శుభ్రమైన సాఫ్ట్‌వేర్. 2019లో హైదరాబాదులోనే పరిశోధన కేంద్రం పెట్టారు. తర్వాత ఒప్పోతో సాఫ్ట్‌వేర్ కలిసింది, కొన్ని మోడళ్ళలో తెర మీద నిలువునా ఆకుపచ్చ గీత పడింది. అమోలెడ్ తెరలకి ఆ గీత వస్తే అతుకు లేదు, ఫోల్డర్ అనే తెర సెట్టు మొత్తం మార్చాలి. అది ఒక్క కంపెనీ జబ్బు కాదు, కానీ ఎక్కువ ఇష్టపడినవాళ్ళు ఎక్కువ అలుగుతారు.

ఇప్పుడు ముందు వరసలో

ఇప్పుడు కంటికి ఎదురుగా ఉన్న కొక్కేలన్నీ ఐఫోన్‌వి. 13, 15, 16. కెమెరా కన్నాలు తడిమి కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. 2008 ఆగస్టులో ఇక్కడికొచ్చినప్పుడు 8 జీబీది రూ.31,000 అంటే షోకేసు ముందు నిలబడి చూసి వెళ్ళేవారు. ఇప్పుడు ఈఎంఐ ఉంది, ఎక్స్ఛేంజి ఉంది, సెకండ్స్ ఉంది. అమెరికాలోలా ఐఫోన్ కానివాళ్ళ మెసేజీ బుడగ వేరే రంగులో వచ్చే గొడవ మనకి లేదు, అందరం వాట్సాపే. ఇక్కడ లాగింది ఇన్‌స్టా. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆప్ లోపలి కెమెరాతో తీస్తే ఫోన్ సొంత కెమెరాలో వచ్చినంత బాగా వచ్చేది కాదు. రీల్ చూడగానే ఏ ఫోనో పసిగట్టే పిల్లలు వీళ్ళు.

సెకండ్స్‌లో ఐఫోన్ కొనే కుర్రాడు బ్యాటరీ హెల్త్ శాతం ఒక్కటే చూస్తాడు. 80 కంటే తక్కువైతే వద్దంటాడు. చూడాల్సింది ఇంకోచోట ఉంది. సెట్టింగ్స్‌లో జనరల్, దాన్లో అబౌట్ తెరిస్తే ఏ భాగం మార్చారో, అసలుదో కాదో కొత్త మోడళ్ళలో కనబడుతుంది. చుట్టూ ఉన్న వెలుతురుకి తగ్గట్టు తెర రంగు మార్చే ట్రూ టోన్ మీట లేకపోతే తెర మార్చారని అనుమానించాలి. ఉన్నా నమ్మడానికి లేదు, పాత తెర చిప్‌లోని సమాచారం కొత్త తెరలోకి ఎక్కించే పరికరాలు ఇదే సందులో ఉన్నాయి. పాత యజమాని ఐక్లౌడ్ ఖాతా తీయించకుండా డబ్బు ఇవ్వకూడదు. తాళం పడితే ఇక అది పేపర్‌వెయిట్.

పక్కనే 2022లో ఫోన్లలోకి వచ్చిన నథింగ్ అనే బ్రాండు పౌచ్‌లు నాలుగు, పారదర్శకమైనవే. వెనక వెలిగే దీపాలు కనబడాలి కదా. లోపలి భాగాలు కనబడేలాంటి ఆ వీపు చూస్తే 3310 గాజు ప్యానెల్ గుర్తొచ్చింది. "మా అక్క కూడా ఐఫోనే తీసుకుంది అన్నా, నథింగ్ ఎంతలో వస్తుంది" అని ఒక కుర్రాడు అడుగుతున్నాడు. అక్క అన్నాడు, ఇంకా నాన్న అనలేదు.

కొట్టు అడుగున ఉన్న డ్రాయర్‌లో బీఎల్-5సీలు ఇప్పటికీ దొరుకుతాయి. ఫోన్‌కి కాదు, చిన్న ఎఫ్ఎం రేడియోలకీ భజన పాటలు మోగే బ్లూటూత్ డబ్బాలకీ అదే సైజు బ్యాటరీ పడుతుంది. ఉబ్బినది తీసుకోకండి. గాజు బల్ల మీద పడుకోబెట్టి బొంగరంలా తిప్పి చూడండి, చదునుగా ఉంటే వెంటనే ఆగుతుంది, ఉబ్బితే గిర్రున తిరుగుతుంది.